ఎవరిదీ కాని మొగం

మునెమ్మ వదిన పోయిన పదో నాడు, భోజనాలయ్యాక, ఆడవాళ్ళందరం వసారాలో చేరగిలబడ్డాం. ఎవరికి తోచిన మంచి మాట వాళ్ళు చెప్పుకున్నారు. ఆమె చేతి సంగటి గురించి ఒకరు, ఆమె ఓర్పు గురించి ఇంకొకరు. తర్వాత అలవాటు ప్రకారం అందరి చూపులూ నా మీదికి తిరిగాయి. చావింట్లోనైనా నవ్వించగలదని నాకు పేరు. మా మేనమామ దినాల్లో నేను ఆయన గురక పెట్టి చూపిస్తే ముందుగా నవ్వింది ఆయన పెండ్లామే. "చెప్పు వీరక్కా, మీ వదినా ఆడబిడ్డలు శానా ఎకసెక్కాలు ఆడుకుంటాన్న్యారంట గదా" అని ఎవరో అడిగారు. నోరు తెరిచాను. మాట రాలేదు. నా నోరు అట్లా నన్ను వదిలేసి పోవడం బతుకులో అది రెండోసారి. మొదటిసారి జరిగిన సంగతి ఇక్కడ రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి, నేను నాలుగో తరగతితో బడి మానేసిన దాన్ని. మానేసిన దాన్ని అనడం నా గొప్ప. అయివారు బల్ల మీద లెక్క రాస్తూ ఉన్నట్టుండి వెనక్కి తిరిగి, నా మొహం మీద తన మొహమే చూసుకున్నాడు. నస్యం పీల్చే ముందు ఎగిరే ముక్కుపుటాలు, జారిన కింది పెదవి, అన్నీ ఉన్నచోట ఉన్నాయి. మరుసటి రోజు నుంచీ నాకు పేడకళ్ళెత్తే ఉద్యోగం.

మా ఊరు కోడుమూరుకు రెండు కోసుల దూరం. మాది ఆచార్ల ఇల్లు. నాగళ్ళు, గొర్రులు, బండిచక్రాలు, వాకిళ్ళు, చుట్టుపక్కల ఏ కర్ర పని ఉన్నా మా పెరట్లోకే వచ్చేది. కర్నూలు కొత్తగా రాజధాని అయిన కాలం. అక్కడ డేరాల్లో సర్కారు కచేరీలు నడుస్తున్నాయని బండ్లవాళ్ళు వింతగా చెప్పుకునేవాళ్ళు. ఆ కచేరీలకు తలుపులూ బల్లలూ చేసే పనికి మా నాయన, అన్న ఇద్దరూ పోయారు. ఇంట్లో మిగిలింది అబ్బ, అంటే మా నాయన తండ్రి, అమ్మ, మునెమ్మ వదిన, నేను. తెల్లవారితే మా అమ్మ జొన్నరొట్టె తట్టే చప్పుడు, దానికి పోటీగా పెరట్లో అబ్బ బాడిశ చప్పుడు. ఆ రెండు చప్పుళ్ళ మధ్య నేను నిద్ర లేచేదాన్ని. వేపచెక్క చేదు వాసన, చింతగింజల జిగురు ఉడికే వాసన, అబ్బ నోట్లోని పొగాకు వాసన కలిసి ఇల్లంతా ఉండేవి. కూరలో ఏమి వేసినా నాకు ముందు వేపపొట్టే తగిలేది. వదిన రాయచోటి వైపు పిల్ల. సంగటి ముద్ద లేకపోతే ఆమెకు తిన్నట్టుండదు. "మా రొట్టె నమలడానికి మీ ఊరోళ్ళకు పండ్లు రావు పాపం, మింగే తిండి అలవాటయింది" అని నేను, "మీ రొట్టె ఇంటి మీద కప్పితే వాన కారదు ఆడబిడ్డా" అని ఆమె. రోజుకు మూడు పూటలా ఇదే. ఆమెను ఒక మాట అనకుండా నాకు పొద్దు గడిచేది కాదు. వదినను అనకపోతే ఇంకెవరిని అంటాం?

మా అబ్బ నాగళ్ళు అందరిలాగే చేసేవాడు. చుట్టుపక్కల పది ఊళ్ళలో ఆయన తప్ప చేయనిది ఒకటుంది, రక్కెసి మొగం. కొత్త మిద్దె కడితే వాకిలి పైన బండకు మేకు దించి ఆ మొగాన్ని తగిలించాలి. మూరెడు వెడల్పు వేపమొద్దులో ఉబ్బిన బుగ్గలు, పైకి లేచిన పై పెదవి, రెండు కోరలు, వేలాడే నాలుక చెక్కేవాడు. జాజు, మసి, సున్నం, ఈ మూడే రంగులు. కొత్త ఇంటిని చూసినవాళ్ళ కళ్ళలో ఎంతోకొంత కుళ్ళు ఉంటుంది. ఆ చూపు ముందు ఆ మొగం మీద పడి అక్కడే ఆగిపోవాలి, గడప దాటి లోపలి బిడ్డల మీదికి, పాడి మీదికి పోకూడదు. అందుకని ఆ మొగం ఎవరిదీ కాకూడదు. ఇది అబ్బ పనిలో మొదటి కట్టడి, చివరి కట్టడి కూడా. మొగం ఎవరిలాగైనా ఉందా, దాని మీద పడ్డ చూపంతా కర్ర మీంచి జారి ఆ మనిషిని పోయి పట్టుకుంటుంది. అందుకే చెక్కడమంతా అయ్యాక, కళ్ళు మాత్రం తెరవకుండా, మొద్దును దుప్పట్లో చుట్టుకొని మూడిండ్ల ముందు నిలబడేవాడు. దుప్పటి తీసి "ఇది ఎవురు?" అని అడిగేవాడు. ముగ్గురూ "ఎవురూ కాదు" అనాలి. ఒక్కరు ఒక్క పేరు చెప్పినా వాదించేవాడు కాదు. ఇంటికొచ్చి గొడ్డలితో రెండు చెక్కలు చేసి నీళ్ళపొయ్యిలో పెట్టేవాడు. పదిహేను రోజుల పని అట్లా కాలిపోయి, ఆ నీళ్ళతో మేము తలంట్లు పోసుకున్న రోజులున్నాయి. ముగ్గురూ కాదంటే ఆ పూట అన్నం మాని మొగానికి కళ్ళు చెక్కి తెరిచేవాడు. కళ్ళు తెరిచాక ఇక గొడ్డలి తాకకూడదు. చూపున్నదాన్ని కొడితే చూపున్నవాళ్ళను కొట్టినట్టే అని ఆయన లెక్క.

ఆ ఏడు పక్క ఊరి నరసిరెడ్డి కొత్త మిద్దె కట్టాడు. మొగం చేయమని కబురు పంపాడు. అదే సమయంలో వదినకు ఎనిమిదో నెల. అంతకు ముందు రెండు కాన్పులకు ఆమె పుట్టింటికి పోయింది. రెండుసార్లూ ఒట్టి చేతులతో తిరిగొచ్చింది. మొదటి బిడ్డ ఏడవలేదు. రెండో బిడ్డ ఒక పూట ఏడ్చి మానేసింది. ఈసారి పంపేది లేదని మా అమ్మ ఒట్టు పెట్టుకుంది. అబ్బ అయితే ఆమెను కంటి ముందు నుంచి కదలనిచ్చేవాడు కాదు. పెరట్లో గోడనీడకు చాప వేయించి, తన ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. ఉలి ఒక దెబ్బ, వదిన వైపు ఒక చూపు. "తిన్న్యావా? ఎండ తగుల్తాందా? బిడ్డ కదుల్తాండాదా?" ఆమె తలూపితే మళ్ళీ ఉలి. నేను నవ్వేదాన్ని. "అబ్బా, ఆయమ్మను అట్ల సూస్తా ఉండు, బిడ్డ నీ మాదిరే బోడిగుండుతో పుడ్తాది" అని. ఎవరికీ తట్టలేదు. రేయింబవళ్ళు భయంతో నిద్రలేని ఆడమనిషిని ఎదురుగా పెట్టుకొని, కాపాడుకోవాలనే ఆత్రంతో నిమిషానికొకసారి చూస్తూ చెక్కితే చెయ్యి ఏమి నేర్చుకుంటుందో నలభై ఏళ్ళు ఉలి పట్టినవాడికి కూడా తట్టలేదు.

మూడిళ్ళలోనూ ఎవరూ కాదన్నారు. కళ్ళు మూసుకున్న ఆ మొగం నిజంగానే ఎవరూ కాదు. అబ్బ పస్తుండి కళ్ళు తెరిచాడు, రంగులేశాడు. గోడ మీద ఎండకు ఆనించాడు. నరసిరెడ్డి బండి వచ్చి వాకిట్లో ఆగి ఉంది. బండి తోలుకొచ్చిన సుంకన్న మొగం పెట్టడానికి గడ్డి పరుస్తున్నాడు. పక్కింటి కాసింబీ పొయ్యిలోకి నిప్పు అడగడానికి పిడక పట్టుకొని వచ్చి ఉంది. నేను మజ్జిగ చెంబుతో పెరట్లోకి వచ్చి గోడ వైపు చూశాను, చాప వైపు చూశాను. ఇంత మంచి అవకాశం మళ్ళీ రాదనిపించింది.

"వదినా! ఆడికి ఎప్పుడెక్కి కూచున్న్యావు? దిగు దిగు, రొట్టె సల్లారిపోతాంది" అన్నాను.

కాసింబీ పిడక కింద పడేసి నవ్వింది. "అరె, అవును గదప్పా! ఆ కండ్లు సూడు, అచ్చం మునెమ్మే!"

"పొద్దున్నే మొగం కడగని మునెమ్మ" అని సుంకన్న బండి మీంచి అందుకున్నాడు.

వదిన కూడా నవ్వడం మొదలుపెట్టింది. నేను ఏమన్నా నవ్వే అలవాటు ఆమెది. మొగం వైపు తిరిగి చూసింది. నవ్వు సగంలో ఉండగానే చెయ్యి కడుపు మీదికి పోయింది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. అవి పెద్దవయ్యేకొద్దీ గోడ మీది కళ్ళు ఇంకా ఆమెవే అయ్యాయి. అప్పుడు చూశాం అందరం, నవ్వులాటకు కాకుండా. అబ్బ తలగుడ్డ తీసి కళ్ళు తుడుచుకున్నాడు. కర్రను చూశాడు, వదినను చూశాడు, మళ్ళీ కర్రను చూశాడు. "ఎవురు అన్న్యారు ఆ మాట?" అని అడిగాడు, వినపడనట్టు. ఆయనకు వినపడింది. వెనక్కి తీసుకోవడానికి నాకు ఒక సందు ఇస్తున్నాడు. మామూలప్పుడైతే నాకు వంద మాటలు దొరికేవి. కాసింబీ మేక మాదిరుంది అనొచ్చు, సుంకన్న అత్త మాదిరుంది అనొచ్చు. నోరు తెరిచాను, మజ్జిగ చెంబు పట్టుకొని అట్లాగే నిలబడ్డాను.

"నవ్వులాటకు అన్న మాటలే. ఈడనే దుమ్ములో కలిసిపోతాది" అన్నాడు అబ్బ చివరికి. మొగం తగిలించడానికి వాళ్ళు చూసుకున్న గడియ మించిపోతోంది. బండి కదిలింది. మాట మాత్రం దుమ్ములో కలవలేదు, సుంకన్న పక్కన కూర్చొని బండెక్కి పోయింది.

రెండు రోజులకు ఆ ఊరి నుంచి వచ్చిన గాజులామె మా అమ్మతో అన్నది. కొత్త మిద్దె చూడటానికి జనం పోతున్నారట. పోయినవాళ్ళందరూ తలెత్తి చూసి "ఇదేనంట గదా, ఆచారి ఇంటి కోడలు" అంటున్నారట. మా అమ్మ చేతులకు గాజులు వేయించుకుంటూ మధ్యలో చెయ్యి లాక్కుంది. వదిన లోపల పడుకొని వింది. ఆ మధ్యాహ్నం ఆమె ముద్ద మింగలేదు. సంగటి కెలికి పెట్టాను, నా చేత్తో నేను, ఎన్నడూ చేయనిదాన్ని. గడ్డలు కట్టింది. ఆమె ఎగతాళి చేస్తుందేమోనని ఆశగా చూశాను. ఆమె గోడ వైపు తిరిగింది. కొంతసేపటికి నా చెయ్యి పట్టుకొని తన కడుపు మీద పెట్టుకుంది. "వీరీ, నిన్నటి నుంచీ కదల్లేదు" అన్నది. నా అరచేతి కింద నాకు ఏమీ తగల్లేదు. నా గుండె కొట్టుకోవడం తగిలి, అదేమోనని ఒక్క క్షణం సంతోషపడ్డాను. మంత్రసాని వచ్చి చెవి ఆనించి, "ఉండాది, శానా మెల్లగా ఉండాది. ఆయమ్మ తినల్ల, భయం మానల్ల" అని చెప్పి పోయింది. కాసింబీ దర్గా నుంచి దారం తెచ్చి కట్టింది. "నా నోరు పడిపోను" అని నెత్తి కొట్టుకుంటూ ఏడ్చింది. నోరు ఆమెది కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంట్లో ఒక్కరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే ఆ పూట కొంచెం అన్నం తినగలిగి ఉండేదాన్ని.

మరుసటి రోజు అబ్బ కర్ర పట్టుకొని నరసిరెడ్డి ఊరికి బయలుదేరాడు. నేనూ వెంట పోయాను. వద్దనలేదు, రమ్మనలేదు. దారి పొడుగునా ఎర్రమట్టి చేలు, ఎండిన జొన్నకొయ్యలు. కొత్త మిద్దె సున్నం వాసన ఊరి మొదట్లోనే తగిలింది. వాకిలి పైన మొగం ఉంది. కింద నలుగురు ఆడవాళ్ళు తలలెత్తి చూస్తున్నారు, మమ్మల్ని చూసి సర్దుకున్నారు. లోపల్నించి నరసిరెడ్డి తల్లి వచ్చింది. పొట్టి మనిషి, ఊరంతా ఆమెను రెడ్డెమ్మ అంటారు, కొడుకుతో సహా ఆమె మాటకు ఎదురులేదు.

"అమ్మా, దాన్ని దించి గుడ్డలో చుట్టి నా దగ్గర పెట్టుకుంటా. మా పిల్ల కాన్పు అయినాక తెచ్చి నా చేత్తోనే తగిలిస్తా. ఒక్క నెల" అన్నాడు అబ్బ. ఆయన ఎవరినీ బతిమాలగా నేను చూడలేదు. మాట ఎక్కడ తగ్గించాలో ఆయనకు తెలియలేదు.

"కొత్త ఇంట్లో చేరేది రేపు కాక ఎల్లుండి, ఆచారీ. మూడూర్ల జనం వస్తాన్న్యారు. నా మనవడు ఇంగా పాలు మరువలేదు. కండ్లు తెరిచిన మొగాన్ని దించి బోడి వాకిట్లో వాళ్ళందర్నీ నిలబెడితే, ఆ బిడ్డకు నువ్వు పూచీ పడతావా?" అన్నది రెడ్డెమ్మ. కోపంగా కాదు. నిజంగానే అడిగింది.

అబ్బ తల దించుకున్నాడు. తన కట్టడే అది, ఆమె ఆయనకే ఒప్పజెప్పింది.

"దానికి పేరు పెట్టింది మా ఇంట్లో నోరేనా? మీ ఇంట్లో నోరు గదా" అని ఆమె నా వైపు చూసింది. నేను ఎవరో ఆమెకు ఎవరూ చెప్పలేదు. "పేరు లేకుండా ఇప్పుడు చెయ్యలేరు ఎవరూ. ఊరి నోట్లో పడింది. పోండప్పా, ఎండన పడి వచ్చినారు, మజ్జిగ తాగి పోండి."

తిరిగి వచ్చేటప్పుడు ఆ మాట నా వెంట నడిచింది. పేరు లేకుండా చెయ్యలేరు. అంటే పేరు ఉండి తీరాలి. ఎవరి పేరనేది మాత్రం ఇంకా ఊరి నోట్లోనే ఉంది.

కొత్త ఇంట్లో చేరే రోజు అబ్బకు పంచె పెడతారు, పనివాళ్ళకు అది మర్యాద. నన్ను కూడా ఆయన వెంట పంపమని మా అమ్మను పోరాను. వదిన అప్పటికి మూడు రోజులుగా గంజి తప్ప ముట్టలేదు. నరసిరెడ్డి వాకిట్లో మామిడాకులు, పసుపునీళ్ళు, పిల్లల కేకలు. జనం ఒకరినొకరు తోసుకుంటూ వస్తున్నారు, ప్రతి ఒక్కరూ గడప దగ్గర తలెత్తుతున్నారు, పక్కవాళ్ళ చెవిలో ఏదో అంటున్నారు. ఆ ప్రతి చూపూ అక్కడి నుంచి మా ఇంట్లో చాప మీదికి పోతున్నట్టు నాకు కనపడింది. గడప పక్కన కొత్తగా వేసిన కడప బండల అరుగు ఉంది. దాని మీదికి ఎక్కాను. సరిగ్గా మొగం కింద నిలబడి, జనం వైపు తిరిగి, బుగ్గలు పూరించాను. పై పెదవి ఎత్తాను, కోరపండ్లు బయటపెట్టాను, నాలుక చాచాను, కళ్ళు పగిలేటంత తెరిచాను.

మొదట పిల్లలు నవ్వారు. తర్వాత పెద్దలు. "ఎవరి పిల్లప్పా ఇది, ఎక్కిరిస్తాంది!" "దిగుమే, పడ్తావు!" నవ్వితే చాలదు. నవ్వు నాకు రోజూ దొరికేదే. నేను కదల్లేదు. బుగ్గలు నొప్పిపుట్టాయి. ఎండకు కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి, రెప్ప వేస్తే మొగం చెడిపోతుందని వేయలేదు. నాలుక మీది తడి ఆరిపోయింది. నవ్వు మెల్లగా పలచబడింది. నవ్వించడానికి నిలబడినవాళ్ళు నవ్వు వచ్చాక దిగిపోతారు, ఈ పిల్ల ఎందుకు దిగదు అని వాళ్ళకు అర్థం కాలేదు. ఎవరో చంకలోని బిడ్డ నన్ను చూసింది, పైన మొగాన్ని చూసింది, నా వైపు వేలు చూపి గట్టిగా ఏడ్చింది. "అవునప్పా!" అన్నది ఆ బిడ్డ తల్లి. "ఆచారి కోడలని ఎవురో అన్న్యారు. ఈ పిల్లనే గదా ఇది!" వెనక నుంచి ఇంకొకరు, "ఆ నోరు సూడు, ఆ బుగ్గలు సూడు." మాట గుంపులో పాకింది. సుంకన్న బండి దగ్గర నుంచి, "కాదు, ఆ పొద్దు నేనుండా, మునెమ్మనే…" అని మొదలుపెట్టాడు.

నరసిరెడ్డి వాకిట్లోకి వచ్చాడు. గొడవేమిటని చుట్టూ చూసి, కొత్త పంచె చేతిలో పట్టుకొని నిలబడ్డ అబ్బను అడిగాడు. "చెక్కినోడివి నువ్వున్న్యావు గదా ఆచారీ. చెప్పు, ఎవరిని సూసి చెక్కినావు?"

రెడ్డెమ్మ గడపలో నిలబడి ఉంది. అబ్బ నన్ను చూశాడు. అంత గట్టి చూపు ఆయన నా మీద ఎన్నడూ పెట్టలేదు. తల అడ్డంగా ఊపాడు, ఎవరికీ కనపడనంత, దిగమని. ఆయన పని గురించి ఆయన అబద్ధం చెప్పడు. పుచ్చిన మొద్దును మంచిదని చెప్పి ఒక నాగలి అమ్మినవాడు కాదు. అన్నిటికంటే, ఆయన నమ్మినవాడు. నాలాగా సగం నమ్మి సగం నవ్వే రకం కాదు. ఆయన నోటి నుంచి ఏ పేరు వస్తే ఆ మనిషిని తన చేత్తో ఎండలో నిలబెట్టినట్టే ఆయనకు. నేను దిగలేదు. ఆయన పెదవులు రెండుసార్లు కదిలాయి.

"నా మనవరాలు" అన్నాడు అబ్బ. "వీరమ్మ. పుట్టినప్పటి నుంచీ సూస్తాండా దాని ఏశాలు. చేతికి అవే వచ్చినాయి."

రెడ్డెమ్మ మెట్టు దిగి వచ్చింది. నన్ను దగ్గరగా చూసింది. ఆమెకు అంతా తెలుసునని ఆ చూపులో నాకు తెలిసింది. జనం వైపు తిరిగి, "విన్న్యారు గదా. చెక్కినోడే చెప్పినాడు. ఇంగ ఎవురైనా ఇంగో పేరు ఎత్తితే నా వాకిలి తొక్కనియ్యను" అన్నది. సుంకన్న బండి చాటుకు పోయాడు. నా చెంపలు రెండూ అరచేతుల్లో పట్టుకొని, మెల్లగా లోపలికి నొక్కి, నా మొహాన్ని ఆమే దించింది. దించాక ఎంతసేపో నోరు మూతపడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఊరి పొలిమేరలో అబ్బ ఆగి, కొత్త పంచె నా భుజాల మీద కప్పాడు, ఆ ఎండలో, చలికి కప్పినట్టు. సంగతి విని మా అమ్మ నన్ను రెండు దెబ్బలు వేసి, వేసిన చోటే పట్టుకొని ఏడ్చింది. వదిన మెచ్చుకోలేదు, తిట్టలేదు. గోడ వైపు నుంచి ఇటు తిరిగి, "రొట్టె ఉంటే ఒకటి పెట్టు" అన్నది. ఆమె రొట్టె అడగడం నేను వినడం అదే మొదలు. సాయంత్రానికి కడుపులో బిడ్డ తన్నింది. నన్ను పిలిచి చెయ్యి పెట్టించుకోలేదు. మా అమ్మను పిలిచింది. నేను వాకిట్లో కూర్చొని విన్నాను.

నెల తిరిగేసరికి ఆడపిల్ల పుట్టింది. ఏడ్చింది, ఏడుస్తూనే ఉంది. ఇరవై ఒకటో నాడు తొట్టెలో వేశారు. ఆ తర్వాత నెల్లాళ్ళకు మా ఊళ్ళో అమ్మవారు పోసింది. నాకూ పోసింది. ఇంట్లో తాళింపు మానేశారు. వేపాకులు పరిచి నన్ను కొట్టంలో పడుకోబెట్టారు. బాలింతనూ బిడ్డనూ ఊరి అవతల మా చిన్నాయన ఇంటికి పంపేశారు. అబ్బ నాలుగు రోజులు అన్నం ముట్టకుండా కొట్టం బయట కూర్చున్నాడు. ఐదో రోజు మొగాలు చెక్కే ఉలి ఒక్కటీ పక్కకు తీసి, దూలం సందులో దాచేశాడు. చచ్చేదాకా ఇంకో మొగం చెక్కలేదు. ఎవరైనా వచ్చి అడిగితే చేతులు వణుకుతున్నాయనేవాడు. అదే చేత్తో వెంట్రుకవాసి తేడా లేకుండా బండిచక్రానికి ఆకుకర్రలు దిగ్గొట్టేవాడు.

అది ఆ మొగం వల్ల వచ్చిందా అని నన్ను అడిగినవాళ్ళున్నారు. ఆ ఏడు మా ఊళ్ళో ఎంతమందికో పోసింది, వాళ్ళ మొహాలేవీ ఏ వాకిలి మీదా లేవు. ఇది నేను పగటిపూట చెప్పే జవాబు. ఇప్పుడు కర్నూలులో, కడపలో ఏ అంగడి ముందు చూసినా రక్కెసి మొగాలు దండలు దండలుగా వేలాడుతుంటాయి. ప్లాస్టిక్కువి, అచ్చులో పోసినవి, అన్నీ ఒకటే మొగం. మా అబ్బ కట్టడి ప్రకారం చూస్తే అవే మేలైనవి. నిజంగానే ఎవరిలాగా ఉండవు. మూడిండ్ల ముందు కాదు, మూడు జిల్లాల్లో తిప్పి అడిగినా ఎవరూ కాదంటారు. మా వాళ్ళ పిల్లలు కొని తగిలిస్తుంటే నేనేమీ అనను. ఒకటి మాత్రం చూస్తుంటాను, తగిలించినవాళ్ళు ఆ తర్వాత దాని వైపు తలెత్తరు. మా కాలంలో ఒక కర్రముక్క కోసం ఒక ఇల్లు అన్నం మానింది, ఒక ముసలాయన తన మాట వదులుకున్నాడు, ఒక రెడ్డెమ్మ చూసి చూడనట్టు నిలబడింది. మూఢత్వమే అనండి. అంత భయం మళ్ళీ ఎవరికీ వద్దు. కానీ ఒకరి మీదికి రావలసినది ఇంకొకరు తమ మీదికి తెచ్చుకోవచ్చని మేము నమ్మినట్టు ఇప్పుడెవరైనా నమ్ముతారా అని మాత్రం నాకు అనుమానం.

పొక్కులు ఎండుతున్న రోజుల్లో ఒక పొద్దున కళ్ళు తెరిస్తే కొట్టం ఎదుట, వీధి గోడ అవతల వదిన నిలబడి ఉంది. బిడ్డను అక్కడే వదిలి, ఎవరికీ చెప్పకుండా ఊరు దాటి వచ్చింది. దగ్గరికి రావద్దని చెయ్యి ఊపాను. రాలేదు. అక్కడి నుంచే బుగ్గలు పూరించింది. పై పెదవి ఎత్తింది, నాలుక చాచింది, కళ్ళు పెద్దవి చేసింది. వేళాకోళం ఎన్నడూ తనంతట తాను మొదలుపెట్టని మనిషి, వీధిలో, పట్టపగలు. పోయే వచ్చేవాళ్ళు చూస్తున్నారు. వాళ్ళు చూడాలనే నిలబడింది.

"అది నా మొగం వీరీ!" అని అరిచింది. "అబ్బ నన్ను సూసే చెక్కినాడు. నాకు తెల్సు, నీకు తెల్సు. బిడ్డ బయట పడింది, ఇంగ నాకేం భయంలేదు. నాది నాకియ్యి!"

మళ్ళీ బుగ్గలు పూరించింది. ఏడుపు వస్తుంటే బుగ్గలు నిలవడం లేదు, గాలి పోతోంది, మళ్ళీ పూరిస్తోంది. అమ్మవారు పోసిన ఇంట్లో నవ్వకూడదు. ఎండిన పొక్కులు పగిలి మొహమంతా మండుతుండగా నేను నవ్వాను.

"ఇయ్యను పో వదినా" అన్నాను. "నీకు కుదర్లేదు."